సగం గడ్డం

ప్రియమైన నాన్నా,

కోప్పడకుండా చివరిదాకా చదువు. మెడికల్ కాలేజీ మానేశాను.

వార్డులో ఒకావిడ కాలి పుండుకు మందు మీద మందు మార్చినా తగ్గలేదు. ఎందుకని అడిగితే మా పెద్ద డాక్టరు, "ఇంకోటి రాసి చూడమ్మా, అవతల బోలెడుమంది ఉన్నారు" అన్నారు. ఆయన తప్పేం లేదు. కానీ ఆ 'ఎందుకు' నన్ను పట్టుకుని వదలడం లేదు. మందులకు లొంగని క్రిముల మీద పనిచేసే ల్యాబులో చేరాను. వేసవి చివరిదాకా కాలేజీలో నా సీటు ఉంచుతారట. నువ్వు గట్టిగా రమ్మంటే వెనక్కి వెళ్తాను. కానీ అనకు.

నీ చిట్టి

చిట్టికి,

నా సెలూన్లో కుర్చీ ఎక్కిన ప్రతివాడికీ మా అమ్మాయి డాక్టరవుతోందని చెప్పుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కత్తెర పట్టుకోను? నీవల్ల తలవంపులు. సెలవు మీద ఉందని చెబుతున్నాను. బుద్ధిగా వెనక్కి వెళ్ళు.

ఇంతకీ ఆ క్రిములు ఎక్కడుంటాయి?

నాన్న

ప్రియమైన నాన్నా,

ఎక్కడుంటాయని అడిగావు చూడు, నాకు ప్రాణం లేచొచ్చింది! చర్మం మీద, తువ్వాళ్ళ మీద, నీ కుర్చీ చేతుల మీద కూడా. మేం సెలూన్ల నుంచి నమూనాలు తెప్పిస్తున్నాం. దూది పుల్లలూ గొట్టాలూ పంపుతున్నాను, మేం వెతికే క్రిమి పేరు గొట్టాల మీదే రాసి ఉంది. కుర్చీకీ దువ్వెనలకీ రుద్ది, గొట్టాల్లో పెట్టి మూత బిగించి పంపు.

ఆశతో, చిట్టి

నాన్నా,

నీ గొట్టాల్లో ఒక్క క్రిమి కూడా పెరగలేదు! ఆపరేషన్ గది కూడా ఇంత శుభ్రంగా ఉండదని మా ల్యాబు మేడం నోరెళ్ళబెట్టింది. నిజం చెప్పు, ముందు ఫినాయిలుతో కడిగావు కదూ?

సీటు గడువు దగ్గరపడింది. నీ మాట కోసం చూస్తున్నాను.

చిట్టి

నా చిట్టితల్లికి,

కడిగాను. దువ్వెనలైతే ఉడకబెట్టాను కూడా. మీ మేడం ముందు నీ పరువు పోకూడదనుకున్నాను. నీవల్ల నాకు తలవంపులని రాసినవాణ్ణి, నావల్ల నీకు రాకూడదని నేల తోముతున్నాను! నాకే నవ్వొచ్చింది. కోపం అక్కడే దిగిపోయింది. ఈసారి ఏమీ కడక్కుండా నమూనాలు తీసి పంపుతున్నాను.

నిన్న రిటైరైన హెడ్మాస్టరు గారు గడ్డం చేయించుకోవడానికి వచ్చారు. "ఏమయ్యా, మీ అమ్మాయి బంగారంలాంటి చదువు పాడుచేసుకుందటగా?" అన్నారు. సగం గీసి కత్తి పక్కన పెట్టేశాను. "పాడుచేసుకోలేదండీ. డాక్టరు రాసిన మందు ఎందుకు పనిచేయడం లేదో తేలుస్తోంది. కూర్చోండి, చెబుతాను" అన్నాను. సగం గడ్డంతో ఎక్కడికి పోతారు? అంతా విన్నారు. బెంచీ మీద ఉన్నవాళ్ళూ విన్నారు. ఒకాయన తన మెడకు కూడా ఆ దూది పుల్ల రుద్దమని ఒకటే గొడవ.

సీటు వద్దని ఇవాళే రాసెయ్యి. ఇది నా మాట.

గొట్టాల మీదున్న ఆ క్రిమి పేరు దగ్గర మాత్రం నాకు నోరు తిరగడం లేదు. పెద్ద అక్షరాలతో రాసి పంపు, అద్దం పక్కన అంటించుకుంటాను. రేపటి నుంచి అందరికీ తప్పులేకుండా చెప్పుకోవాలి.

గర్వంగా,
నాన్న