ఉల్లిగడ్డల బస్తాలో సగం

ఆదివారం రాత్రి, ఇస్నాపూర్

ఈ రోజు పటాన్‌చెరు మార్కెట్‌కు ఒక్కదాన్నే వెళ్లాను. పక్క గదిలో రుక్సానా ఉన్నన్నాళ్లూ ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. కిలోల లెక్కన కొనడం కన్నా బస్తా కొంటే చవక. తెచ్చుకుని సగం సగం పంచుకునేవాళ్లం. ఆటో కిరాయి కూడా సగమే పడేది.

ఉల్లిగడ్డలమ్మే ఆయన నన్ను చూడగానే, "ఇంకో అక్క ఏది, రాలేదా?" అన్నాడు.

ఆమె భర్తకు జహీరాబాద్‌లో పని దొరికిందని, ఖాళీ చేసి వెళ్లిపోయారని చెప్పొచ్చు కదా. "జెర పనుండె, వచ్చేవారం వస్తది" అన్నాను. అన్నాక రెండు కిలోలు అడగడానికి నోరు రాలేదు. బస్తా తీసుకున్నాను. మా ఆలుమగలిద్దరికి అన్నెందుకు? సగం మొలకలొచ్చి పోతాయి. పొదుపు మాట దేవుడెరుగు, ఆటో అతను బస్తాకు వేరే కిరాయి తీసుకున్నాడు.

మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్లాక వరండాలో బస్తా విప్పాను. మాకో పద్ధతి ఉండేది. నేను రెండు కుప్పలు పోయాలి, తనకు నచ్చింది రుక్సానా తీసుకోవాలి. వాళ్లది పిల్లలున్న ఇల్లని నేను కావాలనే ఒకటి పెద్దగా పోసేదాన్ని. తను ప్రతిసారీ చిన్నదే తీసుకునేది. "గింత చాలక్కా, ఊకె పరేషాన్ చెయ్యకు" అనేది. నాకు ఒళ్లు మండేది.

ఇందాక ఏదో ఆలోచిస్తూ రెండు కుప్పలు పోశాను. లేచి చూస్తే, ఈసారీ ఒకటి పెద్దగానే ఉంది.