లోపలి గడియ

ప్రియమైన తమ్ముడికి,

కులాసా అడగడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. నీ భార్యని నువ్వు కొట్టిన కేసులో నన్ను సాక్షిగా పిలిచారు. "కాలు జారి పడిందని చెప్పక్కా, నా బతుకు నీ నోట్లో ఉంది" అన్నావు. చెబుదామనే అనుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది కదా.

నిన్న నీ కౌన్సెలింగ్‌కి ఇంటివాళ్లు కూడా రావాలంటే వచ్చాను. బయట బెంచీ మీద "నాలుగుసార్లు తలూపితే సంతకం పెడతారు, శిక్ష తగ్గుతుంది" అని నవ్వావు. లోపల మాత్రం "నాకు కోపమెక్కువ మేడమ్" అని పాఠం అప్పజెప్పావు. ఆవిడ నీ కోపం సంగతి అడగలేదు. "కొట్టాక ఏం చేశారో చేతులతో చూపించండి, మాటలొద్దు" అంది.

నువ్వు లేచి గాలిలో స్క్రూడ్రైవర్ తిప్పావు. వడ్రంగివి, చెయ్యి అలవాటుగా తిరిగింది. అదేమిటని ఆవిడ అడిగితే, "తను గదిలోకెళ్లి గడియ పెట్టుకుంది. తెల్లారి ఆ గడియ ఊడదీశా. అదేం కొట్టడం కాదుగా" అన్నావు.

ఆ పొద్దున రాలిన స్క్రూలు ఏరి డబ్బాలో వేసింది నేనే. గడియ పాడైందేమో అనుకున్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఆ గదిలో ఎలా పడుకుందో నేను అడగలేదు.

విచారణలో చూసింది చూసినట్టు చెబుతాను. నువ్వు జైలుకి వెళ్తే నాకు ముద్ద దిగదు. అయినా చెబుతాను.

నీ మీద కోపంతో,
మీ అక్క

---

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి వెళ్లలేదు. మొదట నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. మళ్లీ కౌన్సెలింగ్‌కి వెళ్తే మేడమ్ ఒకటే అడిగింది, "ఆ గడియ ఎవరి కోసం తీశారు?" అని. జవాబు నాకు తెలుసు. "నా కోసమే, తను నన్ను బయట ఆపకుండా" అని చెప్పడానికి గంట పట్టింది.

కొట్టానని కోర్టులో ఒప్పుకుంటున్నాను. శిక్ష ఎంతైనా పడనీ.

కోర్టు ఆర్డరుంది, ఆ ఇంటి ఛాయలకు నేను వెళ్లకూడదు. గడియ నీకు పంపుతున్నాను. తనకు ఇష్టమైతేనే, వేరే వడ్రంగి చేత బిగించు. పాత స్క్రూలు వద్దు, చెక్క వదులైంది, పొడుగువి వేయించు. తనని లోపల గడియ పెట్టుకోమని, నువ్వు బయటి నుంచి నా అంత బలంగా నెట్టి చూడు.

తలుపు తెరుచుకోకపోతే నాకు రాయి.

నీ తమ్ముడు