నేనిచ్చిన నిమిషాలు

జూన్ 2, ఆదివారం

ఈ డైరీ నాది కాదు. చేసిన తప్పులన్నీ రోజూ రాసుకోమని కోచింగ్ మాస్టారు చెబితే మా ఆయన కొనుక్కున్నారు. రెండు పేజీలు రాసి వదిలేశారు. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, ఇంత మంచి కాగితం మీద రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా ఎవరు చదవొచ్చారు.

ఆయనకు మళ్లీ ఐదొందల అరవై వచ్చింది. ఇది మూడోసారి. ఈ ఎంబీఏ ఎంట్రెన్స్‌కి ఐదుసార్లకు మించి కూర్చోనివ్వరు. ఆయన చూసుకున్న కాలేజీకి ఆరొందల నలభై కావాలి. మూడుసార్లూ ఐదొందల అరవయ్యే. మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

భోజనాల దగ్గర బావగారు, ఏరా ఐదొందల అరవై, ఆ మంచినీళ్లు ఇటందుకో అన్నారు. అత్తయ్య నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన చెంబు అందించి తల వంచుకుని తిన్నారు. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. తమ్ముడు బాధపడుతున్నాడన్న సంగతి అన్నకు తెలియక కాదు. తెలిసే.

జూన్ 5, బుధవారం

మాస్టారు జబ్బు కనిపెట్టారట. నీకు లెక్కలొచ్చు, గడియారం చూస్తేనే భయం అన్నారట. ప్రశ్నకోసారి తలెత్తి టైమ్ చూస్తే సగం బుర్ర అక్కడే అయిపోతుందట. పరీక్షలో కంప్యూటర్ మీద గడియారాన్ని కనపడకుండా చేసుకోవచ్చు కాబట్టి, ఇంట్లోనూ అలాగే అలవాటు చేసుకోమన్నారు. అలారం పెడితే చెవి దాని మీదే ఉంటుంది. వెనక ఎవరైనా కూర్చుని టైమ్ చూడాలి.

బావగారిని అడగలేరు. అత్తయ్య పది నిమిషాలు కూర్చుంటే పదకొండో నిమిషంలో కునికిపాట్లు. ఇక మిగిలింది నేను.

స్టాప్ అనాలి, అంతే, అనగలవా అని అడిగారు. తలూపాను. పెళ్లయి రెండేళ్లయింది. ఆయనతో ఇంతవరకు ఏదీ ఆపమని అనలేదు.

జూన్ 9, ఆదివారం

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గది ఉంది. పాత మంచాలు, సున్నం డబ్బాలు వేసే గది. పొద్దున్నే తుడిచి బల్ల వేశాను. ఆయన వీపు వెనక బోర్లించిన బకెట్ మీద నేను, చేతిలో స్టాప్‌వాచ్. పుస్తకంలోని మోడల్ పేపర్‌లో మూడు సెక్షన్లు, ఒక్కోటి నలభై ఐదు నిమిషాలు.

నలభై ఐదు అయింది. నోరు తెరిచాను. మాట రాలేదు. ఆయన వంగి గబగబా రాస్తున్నారు. చెవుల వెనక చెమట కారుతోంది. ఆ లెక్క అవనీ అనుకున్నాను. అదయ్యాక ఇంకోటి మొదలుపెట్టేశారు. గొంతు సవరించుకున్నాను. వినిపించుకోలేదు. చివరికి స్టాప్ అనేసరికి నిమిషంన్నర దాటింది. మిగతా రెండు సెక్షన్లూ అంతే.

ఐదొందల తొంభై వచ్చింది!

ఆయన పుస్తకం రెండుసార్లు దిద్దుకున్నారు. నీ చెయ్యి మంచిదే అన్నారు. మెట్లు దిగుతుంటే నా భుజం మీద చెయ్యి వేశారు, అందరూ చూస్తుండగా.

జూన్ 11, మంగళవారం

నిమిషంన్నరే కదా. అదేమంత లెక్క.

జూన్ 16, ఆదివారం

ఈసారి సిగ్గుపడి ఆగలేదు. తెలిసే ఆగాను. వాచీ చూస్తూనే ఉన్నాను. నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. అప్పుడు స్టాప్ అన్నాను. ఎంత బాగా పలికిందో నా గొంతు, నాకే ఆశ్చర్యం వేసింది.

ఆరొందల ఇరవై. బావగారు వాకిట్లో స్కూటర్ తుడుచుకుంటూ, పెళ్లాం కాపలా ఉంటే దొంగ కూడా బుద్ధిగా చదువుతాడురా అన్నారు. ఆయనకు కోపం రాలేదు. పైగా నవ్వారు.

జూన్ 23, ఆదివారం

వారమంతా ఒకటే ఆలోచన. అసలు పరీక్షలో వీపు వెనక నేనుండను కదా. ఇవాళ సరిగ్గా చూద్దామనుకున్నాను. నలభై ఐదు కాగానే స్టాప్ అన్నాను. మూడుసార్లూ.

ఐదొందల డెబ్బై.

పుస్తకం ట్యాంకు మీదకు విసిరికొట్టారు. కింద గిన్నెల చప్పుడట. నా గాజుల గలగలట. వెనక కూర్చుని ఊపిరి కూడా గట్టిగా పీలుస్తావేమే అన్నారు. కిందికి వచ్చేసరికి అత్తయ్య ఫలితం ఊహించేశారు. చెయ్యి మంచిదన్నావుగా, మరి ఏ చెయ్యిరా అది అని కొడుకును అడిగారు.

గాజులు తీసేశాను. రెండు మాత్రం ఉంచుకున్నాను.

జూన్ 26, బుధవారం

మూడు రోజులుగా మాట్లాడటం లేదు. నీళ్లు కావాలన్నా అత్తయ్యనే అడుగుతున్నారు.

జూన్ 30, ఆదివారం

ఇచ్చేశాను. సెక్షన్‌కి ఆరేసి నిమిషాలు. ఆరొందల యాభై వచ్చింది. ఆయన ఆ కాగితం పట్టుకుని రేకుల గదిలోనే కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. ఏడవలేదు.

తర్వాత ఫోన్‌లో ఆ కాలేజీ బొమ్మలు చూపించారు. పెళ్లయినవాళ్లకు వేరే హాస్టల్ ఉందట. రెండు గదులు, వంటిల్లు, రెండేళ్లు మనదే అన్నారు. ఇద్దరం వెళ్దామన్నారు. ఆ బొమ్మను నేను పెద్దది చేసి చూశాను. తలుపుకు లోపల గడియ ఉంది.

ఇక్కడ మా గది అంటే హాల్లో ఒక మూల. బీరువా అడ్డం పెట్టి కర్టెన్ కట్టారు. టీవీ ఆపేదాకా పక్క వేసుకోవడానికి లేదు. బావగారు ఆవలిస్తే కర్టెన్ కదులుతుంది. రెండేళ్లుగా నేను గడియ వేసుకున్న తలుపు బాత్‌రూమ్‌దొక్కటే. అక్కడ కూడా ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు.

జూలై 7, ఆదివారం

ఆరొందల యాభై ఐదు. ఆరు నిమిషాలు. ఇప్పుడు వాచీ చూడనక్కర్లేదు, ఎంతసేపు ఆగాలో ఒంటికే తెలిసిపోతోంది.

జూలై 9, మంగళవారం

ఆయనది సిమెంట్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్. లారీలు లైను కట్టించి చీటీలు రాసే పని. ఎండాకాలమైనా చలికాలమైనా ముక్కులో బూడిద. ఇవాళ మేనేజర్ పిలిచి, రెండో ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్ట్ ఖాళీ అయింది, నీకిద్దామనుకుంటున్నాను, శుక్రవారం లోపల అవునో కాదో చెప్పు అన్నారట.

బావగారు, పిచ్చోడా ఎగిరి గంతెయ్ అన్నారు. ఆయన కాలు మీద కాలు వేసుకుని, ఆరొందల యాభై చేతిలో పెట్టుకుని సిమెంట్ చీటీలు రాసుకోనా అన్నయ్యా అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఈ ఇంట్లో ఆయన గెలవడం మొదటిసారి చూశాను.

ఆ ఆరొందల యాభై ఆయన చేతిలో లేదు. నా చేతిలో ఉంది.

జూలై 11, గురువారం, పొద్దున్న 5:40

ఇవాళ చెప్పాలి. రేపు శుక్రవారం.

అదే రోజు, 8:15

టీ ఇచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను. అత్తయ్య పక్కనే కూర్చుని పళ్లు తోముకుంటున్నారు. చొక్కా ఇస్త్రీ చేసిచ్చేటప్పుడు అనుకున్నాను. ఆయన ఈల వేస్తున్నారు. చెప్పులు వేసుకుంటుంటే, ఏవండీ అన్నాను. ఏంటి అన్నారు. టైమ్ గురించి అన్నాను. అయిపోయింది, బస్సు పోతుంది అని వెళ్లిపోయారు.

అదే రోజు, సాయంత్రం

ఒక నిజం రాస్తాను. వీధి చివర దాకా వెనక పరిగెత్తి చెప్పొచ్చు. నాకు కాళ్లున్నాయి. సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు కూడా చెప్పొచ్చు. అంతా సిగ్గే అంటే అబద్ధం. చెబితే ఆ రెండు గదులు పోతాయి. ఎవరికి తెలుసు, పరీక్ష రోజు ఆ స్కోరు నిజంగానే వచ్చేస్తుందేమో అని కూడా అనుకున్నాను. రాదని తెలిసే అనుకున్నాను.

జూలై 12, శుక్రవారం

వద్దని చెప్పేశారట.

జూలై 20, శనివారం

పరీక్ష అవగానే స్కోరు కాగితం చేతికిస్తారు. ఐదొందల యాభై. పది తగ్గింది.

గడియారం దాచుకున్నారట. మొదటి సెక్షన్‌లో ఇంకా ఏడు ప్రశ్నలుండగానే తెర తనంతట తానే మారిపోయిందట. కంప్యూటర్ చెడిపోయిందని చెయ్యెత్తారట. అక్కడి మేడమ్ వచ్చి చూసి, సార్ మీ టైమ్ అయిపోయింది అందట. అవ్వలేదండీ అన్నారట. అందరూ తలలు తిప్పి చూశారట. మిగతా రెండు సెక్షన్లూ తెర ఎప్పుడు మారిపోతుందోనని చూసుకుంటూనే రాశారట.

ఇదంతా ఆయన గోడకు చెప్పినట్టు చెప్పారు. నేను అన్నం వడ్డిస్తూ విన్నాను. ఆ కంప్యూటర్లు మోసం, ఇంట్లో నాకెప్పుడూ టైమ్ చాలకుండా పోలేదు అన్నారు. అత్తయ్య అవున్రా నాయనా అన్నారు.

జూలై 24, బుధవారం

షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్ట్ ఆయన కింద పనిచేసే కుర్రాడికి ఇచ్చారు. బావగారు స్వీట్ తెచ్చినంత సంతోషంగా ఆ కబురు తెచ్చారు. ఉద్యోగమే కాదురా, ఫ్యాక్టరీ వెనక క్వార్టర్ కూడా ఇచ్చారట వాడికి, రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వరండా, సామాను దించుతుంటే చూసొచ్చాను అన్నారు. ఇన్‌చార్జ్‌కి క్వార్టరిస్తారని నీకు తెలీదా అని అడిగారు. ఆయన తెలుసన్నారు.

నాకు చెప్పలేదు. నేనూ ఆయనకు చెప్పలేదు. సరిపోయింది.



జూలై 28, ఆదివారం

చెప్పేశాను. ఉతికిన బట్టలు ఆరేస్తూ, దుప్పటి అవతలి పక్క ఆయన ఉంటే, ఇవతల నుంచి చెప్పాను. ముఖం కనపడకపోతే మాట వస్తుందని ఇన్నాళ్లకు తెలిసింది.

ముందు నవ్వారు. నీకు వాచీ చూడటం రాదని నాకెప్పుడూ అనుమానమే అన్నారు. వచ్చు అన్నాను. మొదట నిమిషంన్నర, తర్వాత మూడు, చివరికి ఆరు అన్నాను. మొత్తమ్మీదా అని అడిగారు. సెక్షన్‌కి అన్నాను. కొడతారేమో అనుకున్నాను. కొడితే బావుండేది.

ఎప్పటికో, అయినా ఆ లెక్కలు చేసింది నేనే కదా అన్నారు. అవునన్నాను. నువ్వు చెయ్యలేదు కదా. లేదన్నాను. అంటే అవి నాకొచ్చు అన్నారు. వచ్చండీ అన్నాను. మరి ఆ శుక్రవారానికి ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు. అడుగుతారని జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను.

కింద ఎవరితోనూ అనకు, అన్నయ్యతో అసలే అనకు అన్నారు. దుప్పటి రెండో కొస సరిగ్గా లాగి క్లిప్ పెట్టి వెళ్లిపోయారు.

ఆగస్టు 4, ఆదివారం

ఆఖరి అవకాశం డిసెంబర్‌లో. పొద్దున్నే బల్ల వేయించుకుని కూర్చున్నారు. వెనక్కి తిరక్కుండానే వాచీ ఇచ్చి, ముందులాగే చూడు అన్నారు.

నేను వాచీ నొక్కలేదు. ఆయన పెన్ను కింద పెట్టినప్పుడల్లా స్టాప్ అన్నాను. నీళ్ల ట్యాంకు నీడ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

ఏడొందల పది.