తలుపులు మూయని మూడు సాయంత్రాలు

అద్లియా, బహ్రెయిన్

లచ్చక్కకు నీ తమ్ముడు మల్లేశం దండం పెట్టి రాస్తున్నాను. బావ నడుం నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి పోతున్నారా? నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. ఎండ తగ్గింది, ఉక్కే తగ్గలేదు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే ఏమీ చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను.

టీవీలో చూపించిన బాంబు ఇక్కడ పేలలేదు అక్కా. నీకు గల్ఫ్ అంతా దుబాయే, ఎడారి కనిపిస్తే చాలు అక్కడ నేనున్నట్టే. అది మా హోటల్ యజమాని అబూ జార్జ్ పుట్టిన దేశంలో, చర్చిలో ప్రార్థన జరుగుతుండగా పేలింది. ఆయన అరబ్బే, కానీ క్రైస్తవుడు. అలాంటి కుటుంబాలు ఇక్కడ కొన్నే. పోయినవాళ్లలో ఆయన చిన్ననాటి స్నేహితుడు ఉన్నాడు.

ఇక్కడి వాళ్ల చర్చి హాల్లో మూడు సాయంత్రాలు పరామర్శకు కూర్చోవాలనుకున్నారు. తలుపులు వేసుకుని మనలో మనమే ఏడుద్దాం అని ఒక పెద్దాయన అంటే చాలామంది తలూపారు. అబూ జార్జ్ ఒప్పుకోలేదు. "తలుపు మూస్తే బాంబు పెట్టినవాడు గెలిచినట్టే. మల్లేశ్, రెండు రెక్కలూ తెరువు" అన్నాడు.

మొదటి సాయంత్రం బయటివాళ్ల కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీ. ఆయన గడప దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఉండబట్టలేక సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉండే మన రాజన్నకు ఫోన్ చేశాను.

"మనం హిందువులం గదరా, రానిస్తరా?" అన్నాడు.

"సావుకాడ కులమేంది, మతమేందన్నా? తానం జేసి రాండ్రి."

రెండో సాయంత్రం డ్యూటీ దిగి, రూంవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చాడు. ఇక్కడ పరామర్శకు వచ్చినవాళ్లకు చక్కెర లేని కాఫీ చిన్న కప్పులో పోస్తారు. చాలనుకుంటే కప్పును ఊపి ఇవ్వాలి, లేకపోతే మళ్లీ పోస్తారు. ఆ సంగతి చెప్పడం మరిచాను. అబూ జార్జ్ మర్యాదగా పోస్తూనే ఉన్నాడు, రాజన్న మర్యాదగా తాగుతూనే ఉన్నాడు. చివరికి నా వైపు తిరిగి, "ఈ సారు ఎన్నడిడిసిపెడ్తడురా? కాకరకాయ రసం లెక్కున్నది" అన్నాడు.

ఆ మాట హిందీలో చెప్పాను. అబూ జార్జ్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ కబురు విన్నాక ఆయన నవ్వడం అదే మొదలు. రాజన్న చెయ్యి పట్టుకుని కప్పు ఎలా ఊపాలో నేర్పించాడు.

మూడో సాయంత్రం చూడాలి అక్కా. ఆయన ఉండే బుసైతీన్ నుంచి ముస్లిం పొరుగువాళ్లు ఖర్జూరాల పళ్లేలతో వచ్చారు. క్యాంపు బస్సు నిండుగా వచ్చింది. కుర్చీలు చాలక రోడ్డు మీద వేశాం. పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే రోడ్డు మీదివాళ్లు కూడా లేచి నిలబడ్డారు. తలుపులు మూద్దామన్న పెద్దాయనే వచ్చి, "ఈ తలుపు ఇరుకైపోయింది, పెద్దది పెట్టించాలి" అన్నాడు.

ఎవరైనా వస్తుంటే నువ్వుల లడ్డూలు పంపు, రాజన్న నోరింకా చేదుగానే ఉందట. బావకు దండాలు, పిల్లలకు ముద్దులు.

జనం ఉన్న చోటికి పోవద్దన్నావు కదా. నీ మాట ఎప్పుడూ కాదనలేదు, ఇదొక్కటి వినను. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ప్రార్థన కూడా ఆ రోజే, ప్రతి వారం ఆ తలుపులు తెరిచే పని నేనే అడిగి తీసుకున్నాను. భయపడకు అక్కా, దీవించు.

నీ తమ్ముడు,
మల్లేశం