రాజుగారి రెండో ఎడమ బూటు

గౌరవనీయులైన విగ్రహాల అధికారిగారికి,
ఊరి నడిబొడ్డు కూడలిలో, గుర్రమెక్కిన రాజుగారి కంచు విగ్రహం నీడన చెప్పులు కుట్టుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, రాజుగారి రెండు కాళ్లకీ ఎడమ బూటే. వచ్చినవాళ్లంతా "నువ్వే కుట్టావా?" అని నవ్విపోతున్నారు. నాకు తలవంపులుగా ఉంది. వచ్చే నెల విగ్రహం నూరేళ్ల ఉత్సవంలోపు ఒక బూటు మార్పించండి.
ఇట్లు,
గుర్రం కింది చెప్పులాయన
తా.క.: గుర్రం డెక్కలు నాలుగూ సవ్యంగానే ఉన్నాయి. దాన్ని చేసినవాడు వేరై ఉంటాడు.

చెప్పులు కుట్టే వ్యక్తికి,
మీ ఫిర్యాదును నిపుణుల సంఘం పరిశీలించింది. ప్రభుత్వ విగ్రహం తప్పయ్యే అవకాశం లేదు కనుక, రాజుగారికే రెండూ ఎడమపాదాలని తేల్చింది. పాఠ్యపుస్తకం సవరిస్తున్నాం. రాజుగారిని అవమానించినందుకు ఉత్సవం ముందురోజుకల్లా మీరు చోటు ఖాళీ చేయాలి.
ఇట్లు,
విగ్రహాల అధికారి
తా.క.: ఎండగా ఉన్నందున సంఘం కూడలికి రాలేదు.

అయ్యా అధికారిగారూ,
కడుపు మండి రాస్తున్నాను. ఆ నీడే నా దుకాణం. అక్కణ్నించి లేపేస్తే ఇంట్లో నలుగురం ఏం తిని బతకాలి? మీకు కళ్లు నెత్తికెక్కాయి సరే, వాటితోనైనా ఒకసారి పైకి చూడకూడదూ?
ఇట్లు,
అదే చెప్పులాయన
తా.క.: రెండూ ఎడమపాదాలైతే రాజుగారు నడిచినప్పుడల్లా తిరిగి అక్కడికే వచ్చేవారేమోనని మా ఆవిడ అనుమానం. మీ ఆఫీసు ఫైలు లాగా.

చెప్పులు కుట్టే వ్యక్తికి,
ఉత్తర్వు మారదు. అయితే ఉత్సవంనాడు రాజుగారి గౌరవార్థం పన్నెండుమంది అధికారులం రెండు కాళ్లకీ ఎడమ బూట్లు తొడుక్కుని, కోట నుంచి కూడలిదాకా నడవాలని పైనుంచి ఆదేశం. ఊళ్లో ఇంకెవరూ కుట్టనంటున్నారు. మీరు కుట్టి పంపాలి. కొలతలు జతపరిచాం.
ఇట్లు,
విగ్రహాల అధికారి
తా.క.: నా కుడిపాదానికి ఆనెకాయ ఉంది. కాస్త చూసుకోండి.

అధికారిగారికి నమస్కారం,
ఇరవై నాలుగు ఎడమ బూట్లూ పంపుతున్నాను. ఏ కుట్టూ ఊడదు, భయం లేదు. కోట నుంచి కూడలికి మూడు మైళ్లు. రెండో మైలుకే మీకు దేవుడు కనిపిస్తాడు. అందుకని మీ కొలతలకే పన్నెండు కుడి బూట్లు కూడా కుట్టి నా దగ్గర ఉంచుకున్నాను. నోటీసు రద్దయితే, మీరు కుంటుకుంటూ వచ్చేసరికి వాటితో గుర్రం కిందే కూర్చునుంటాను. రద్దు కాకపోతే నేనెక్కడుంటానో మీ నిపుణుల సంఘమే తేల్చుకోవాలి.
ఇట్లు,
మీ పాదాల మేలుకోరేవాడు
తా.క.: పదమూడో కుడి బూటు కూడా కుట్టాను. కాస్త పెద్దది, మీవాళ్లెవరికీ కాదు. నోటీసు రద్దు చేసే చేత్తోనే ఒక నిచ్చెన పంపించండి. ఆ పెద్దాయన నూరేళ్లుగా కాలు నొప్పితో గుర్రం దిగకుండా కూర్చున్నాడు.