చివరి బెంచీలో కనకం

పాండిచ్చేరి, ఒర్లియంపేట.

ప్రియమైన అక్కకు,

నీ సుభద్ర నమస్కరించి రాసేది. నేను బాగున్నాను, నువ్వు బెంగపడకు. నీ నడుంనొప్పి తగ్గిందా? బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? ఇక్కడ ఒకటే వాన. ఆరేసిన చీర రెండు రోజులైనా చెమ్మగానే ఉంటోంది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి బళ్లలో ఇంగ్లీషు పెరిగాక మా బోటివాళ్లకి ఈ బదిలీలు తప్పడం లేదు. నా అరవం వింటే పిల్లలకి నవ్వాగదు. సాంబారుకి అలవాటు పడ్డాను గానీ, ఆదివారాలే గడవవు. యానాం నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త మామిడి తాండ్ర పంపు.

ఇంటావిడ ధనమ్మగారు మంచిదే. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. నాకు తలనొప్పి అంటే చాలు, మిరియాల చారు కాచి తెస్తుంది. ఆవిడ మనవరాలు కనకం నా క్లాసే. ఆ పిల్ల సంగతి చెప్పడానికే ఇంత ఉత్తరం.

ఆమధ్య క్లాసులో, అమెరికాలో నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల బడిలో చదువుకోవడానికి పడుతున్న పాట్లు చెప్పాను. పేపర్లో వచ్చిన ఫొటో చూపించాను. పుస్తకాలు గుండెకి హత్తుకుని నడుస్తున్న అమ్మాయి, వెనక అరుస్తున్న జనం. ఆ జనం మీద మా పిల్లలందరికీ కోపమొచ్చింది. అంతలో చివరి బెంచీలో అంజలై లేచి, "ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చున్నారు టీచర్?" అని అడిగింది. అది పేపర్లో రాయలేదన్నాను. అంజలై ఊరవతల చేరి నుంచి, అంటే మన వైపు వెలివాడ లాంటి చోటు నుంచి, వస్తుందని ఆ బెంచీలో ఎవరూ కూర్చోరు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

మర్నాడు కనకం సంచీ తీసుకుని వెళ్లి అంజలై పక్కన కూర్చుంది! నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ధనమ్మగారు మాత్రం అగ్గిమీద గుగ్గిలమైంది. "ఏంది టీచరమ్మా ఇది! యాడో అమెరికా కథ చెప్పి నా ఇంటికి వంబు తెస్తిరే!" అంది. వంబంటే ఇక్కడివాళ్ల మాటలో లేనిపోని తగువు. ఆనాటి నుంచి కనకం బడి నుంచి రాగానే పెరట్లో తలమీదుగా చన్నీళ్లు పోసుకుంటేనే గుమ్మం దాటనిచ్చేది. అదీ ఈ వానల్లో! పిల్ల మాత్రం బెంచీ మారలేదు. వారం తిరక్కుండా జ్వరం పట్టుకుంది.

అది విని అంజలై బడి మానేసింది. వాళ్లింటికి వెళితే తల్లి వెనక నిలబడి, "కనకానికి నీళ్లు పోయడం మానితేనే వస్తాను టీచర్," అంది అంజలై. ఆ మాట ధనమ్మగారికి చెప్పాను. వినీ విననట్టు బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆవిడ మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. మనవరాలి జ్వరానికి కంటిమీద కునుకు లేకుండా కూర్చున్నదీ ఆవిడే కదా.

ఇవాళ కనకం బడికి వచ్చి ఆ ఖాళీ బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఇంటికి రాగానే ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్లి చెంబు అందుకుంది.

"ఆ పిల్ల బడికే రాలేదు గదా, నీళ్లెందుకే?" అంది ధనమ్మగారు.

"దాని చోట్లోనే కూర్చున్నా అవ్వా."

ధనమ్మగారు చెంబు లాక్కుంది. దాన్ని గట్టు మీద బోర్లించింది. తర్వాత, "కాళ్లు కడుక్కోని లోపలికి రా, చాలు. రేపూ అంతే," అంది.

అమ్మమ్మకీ పెద్దబాబాయికీ నా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ అందరి దీవెన ఉంటే ఇక్కడ నాకేమీ లోటు లేదు, నిజంగానే. చీకటి పడకముందే గొడుగేసుకుని బయలుదేరుతున్నాను. దారిలో ఇది పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే అంజలై ఇంటికి వెళ్లాలి.

నీ చెల్లెలు,
సుభద్ర