గుట్ట మీద ఏముండెనంటే

రాయికోడ్ మండలం,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం

కోహీర్‌ల ఉంటున్న బిడ్డ స్వప్నకు,

శరణమ్మవ్వ దీవించి చెప్పి రాయిస్తున్నది. నువ్వు, మీ అమ్మ పైలంగ ఉన్నరనుకుంట. ఇక్కడ పానాలైతే ఉన్నయి, అంతే. రాసేది అంగన్‌వాడీ నవత. చెప్పింది చెప్పినట్టు రాయి, జర గూడ మెత్తగ చెయ్యకు అని ముందే ఒట్టు పెట్టించుకున్న.

నువ్వు డ్రోన్ ఎగరేసిన వారం గుట్ట మీద ఏముండెనో రాసియ్యుమని నవతను ఫోన్‌ల అడిగినవట. రేపు సోమవారం ఆఫీసుల శ్రీకాంత్ సారు ముందర నిలవడాల్నట, డ్రోన్ ఫోటోలు చూసి నువ్వు గీసిన నక్ష ఎందుకు తప్పయిందో చెప్పకుంటె నౌకరి పోతదట. విను మరి.

తంగేడు ఉండె. పరికి కంప ఉండె. నడుముల దాక బోదగడ్డి ఉండె. వానలు పడంగనె జొన్నచెంచలి, తుమ్మికూర మొలుస్తుండె. ఈ ఊరికి కోడలుగ వచ్చిన కాడి నుంచి ఆ గుట్ట నన్ను కూర కొననియ్యలే. కరువు ఏడు నా పిల్లలు జొన్నరొట్టెల తిన్నది ఆ ఆకే.

నువ్వు, మీ ఆఫీసోళ్లు వచ్చి ఏమన్నరు? పోయిన చెట్టుచేమను మళ్ల పుట్టిస్తమన్నరు. అన్నీ మన నేలవే, బయటిది ఒక్కటి పెట్టమన్నరు. డ్రోన్ పైనుంచి ఫోటోలు తీస్తది, పచ్చగున్న జాగ ముట్టం, బోడిగున్న కాడనే గుంతలు తవ్వి విత్తనం ఏస్తమన్నరు. సంఘం ఆడోళ్లకు నచ్చజెప్పింది నేనే. ఆ గుయ్యిమనే ఈగకు మన గుట్ట సంగతి ఏమెరుకనే అని భాగీరథి నవ్వింది. నీకంటె నయమే, నీకు రెండడుగుల అవతల మనిషే కనవడడు అని దాని నోరు మూయించిన.

మరి మీ నక్షల గుట్టంత ఎర్రగ ఎట్ల వచ్చింది బిడ్డా? ఎర్రగుంటె బోడి అన్నట్టేనట. జేసీబీ వచ్చింది. మూడు దినాలు తవ్వింది. నా చెయ్యంత మందం వేర్లు తెల్లగ పైకి లేసినయి. వేర్లు పోయినంక మట్టిని ఎవరు పట్టుకుంటరు? శ్రావణంల ఒక్కటే పెద్ద వాన. మీరేసిన విత్తనం, మా ఎర్రమట్టి అంత కొట్టుకపోయి సడక్ మీద పడ్డది. మొన్న ఎక్కి చూసిన. తోలు ఒలిచిన మేక లెక్క ఉన్నది గుట్ట. ఒక్క కూరాకు దొరకలే. భాగీరథి అల్లం చేన్ల కూలికి పోతున్నది, నన్ను చూస్తె మొహం తిప్పుకుంటది. మళ్ల అక్కడ గడ్డి మొలిచేది నేను చూడ. నువ్వన్న చూస్తవని నమ్మకం లేదు.

వాన పోయినంక నువ్వు చూడనీకొస్తె అందరి ముందర నిన్ను గుడ్డిదానివన్న. నువ్వు ఏడ్చుకుంట బండెక్కినవ్. నా కేసు ఇదే. గుట్టను సంపిన్రు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలె.

ఇట్లు
మహిళా సంఘం పెద్ద,
శరణమ్మ

మళ్లొక మాట: నవత ఇదంత సదివి వినిపించింది. విన్నంక కాయిదం మడత పెట్టనియ్యలే. కింది ముచ్చట రాయనని మొండికేసింది, నీ మీదికొస్తది అవ్వా అన్నది. నీ పేరు రాయుమంటలేను గదనే, రాయి అన్న.

డ్రోన్ వస్తదనంగ నలభై మంది ఆడోళ్లను గుట్ట ఎక్కించింది నేనే. సుట్టాలొస్తుంటె ఇల్లు ఊడుస్తం గద. పెద్దోళ్లు పైనుంచి చూస్తరు, మన గుట్ట దువ్వని తల లెక్క కనవడొద్దన్న. కంప నరికించిన. గడ్డి కోయించిన. కుప్పేసి కాలవెట్టించిన. నువ్వొచ్చి కోసిన మొదళ్లు చూసి, అవ్వా, ఇవి ఎప్పటియి అని అడిగినవ్. నీ మొహం చూస్తెనే తప్పు చేసిన్నని తెల్సింది. నిజం చెప్తె మీ పని పక్కూరికి పోతదని భయమైంది. ఏండ్ల సంది ఇట్లనే ఉన్నది, అన్నీ మేకలు తిన్నయి అన్న. నువ్వు నమ్మి రాసుకున్నవ్. నలభై మందికి ఎరుకే. నాకు భయపడి ఒక్కతి నోరిప్పలే. వేర్లు లేసిన నాడన్న నేను జేసీబీని ఆపుమంటె సగం గుట్ట మిగులుతుండె. అనలే.

రేపు పొద్దున బస్సుకు నవత ఈ కాయిదం తెస్తది. సారుకు చూపియ్యి, కింద నా వేలిముద్ర ఉన్నది. పిలిస్తె సారు ముందర నిలవడుత, ఊరందరి ముందర నిలవడుత. నీ ముందరికే రాలేను బిడ్డా.